మైసూరు మహాస్వామి కోసం లండన్‌లో ఒక సాయంత్రం

మొన్న కోఠి గుజరాతీ గల్లీలో ఒక రిపేరు కొట్టు ముందు ఆగిపోయాను. లోపల ఎవరో పాత వాల్వ్ రేడియో వెనక అట్ట ఊడదీసి స్విచ్ వేశారు. వాల్వులు మెల్లగా ఎర్రబడ్డాయి. వాటి మీద పేరుకున్న దుమ్ము వేడికి కాలి, వార్నిష్ వాసనతో కలిసి వీధిలోకి వచ్చింది. వెళ్లిన పని పక్కన పెట్టి కాసేపు అక్కడే నిలబడ్డాను. మైసూరులో మా ఇల్లు, వెనకింటి మేష్ట్రుగారు, ఆయన గదిలో మొదటిసారి విన్న ఒక రికార్డింగు, ఒకదాని వెంట ఒకటి వచ్చేశాయి. చాలాకాలంగా రాయాలనుకుంటున్నది ఇక వాయిదా వేయలేకపోయాను.

నాన్నది నెల్లూరు జిల్లా. ఉద్యోగం మైసూరు సీఎఫ్‌టీఆర్‌ఐలో. అంటే ఆహార పదార్థాల మీద పరిశోధనలు చేసే సంస్థ. ఆఫీసు ఉన్నది ఒకప్పటి చెలువాంబ ప్యాలెస్‌లో. సాయంత్రం ఇంటికొస్తే నాన్న చొక్కాకి వేయించిన వేరుశనగల వాసన ఉండేది. మేం ఒంటికొప్పల్లో అద్దెకుండేవాళ్లం. ఇంట్లో తెలుగు, గడప దాటితే కన్నడ. అమ్మ వంట చేస్తూ 'బ్రోచేవారెవరురా' పాడుకునేది. అది రాసిన వాసుదేవాచార్యులవారు ఈ ఊరి ఆస్థాన విద్వాంసుడేనని తెలిశాక ఆమెకి మైసూరు పరాయి ఊరు కాకుండా పోయింది. "మన భాషలో పాట రాసినాయన ఊరు" అని చుట్టాలందరికీ చెప్పేది.

మా రేడియో మర్ఫీ. స్విచ్ వేస్తే పలకడానికి కాసేపు పట్టేది. రాత్రి భోజనాలయ్యాక నాన్న షార్ట్‌వేవ్ ముల్లు తిప్పేవారు. ఈలలు, గరగర, తెలియని భాషల్లో వార్తలు, మధ్యలో ఎక్కడినుంచో ఒక ఆర్కెస్ట్రా. వినపడుతుండగానే పాట లోతుకి పోయేది, మళ్లీ తేలేది. పోయినంతసేపూ ఇంట్లో ఎవరూ మాట్లాడేవాళ్లం కాదు, ఎక్కడ మళ్లీ అందుతుందో అని. నాకు సంగీతం వినడం వచ్చింది అలాగే. శబ్దం బాగుండటం వేరు, పాట అందడం వేరు అని చిన్నప్పుడే వంటబట్టింది.

*

వెనకింట్లో ఉండే పెద్దాయన్ని వీధంతా 'బ్యాండ్ మేష్ట్రు' అనేవాళ్లు. ప్యాలెస్‌లో ఇంగ్లిష్ బ్యాండ్ ఉండేది. కర్ణాటక సంగీతానికి వేరే బృందం, పాశ్చాత్య సంగీతానికి వేరే బృందం. ఈయన రెండో దాంట్లో వయొలిన్. నేను ఎరిగేనాటికి కొలువు లేదు. పిల్లలకి వయొలిన్ చెప్పేవారు. మెడకింద వయొలిన్ ఆనీ ఆనీ గడ్డం కింద ఒక నల్లటి మచ్చ ఉండిపోయింది. నన్ను 'మగూ' అని పిలిచేవారు. ఆదివారం మధ్యాహ్నం, అందరూ ఓ కునుకు తీసే వేళకి, నేను ఆయన గదిలో ఉండేదాన్ని.

ఆ గదికో పద్ధతి ఉండేది. ముందు వీధివైపు కిటికీ మూయాలి. రికార్డుని అంచులు పట్టుకునే తీయాలి. పలచటి మెత్తని గుడ్డతో, గాడి తిరిగే దిక్కులోనే తుడవాలి, అడ్డంగా తుడిస్తే ఊరుకునేవారు కాదు. సూది మీద నూగు ఉంటే చిన్న కుంచెతో తీసేవారు. ఆ తర్వాత "కేళు, మగూ" అనేవారు. అంటే 'ఇక విను' అని. పాట అయ్యేదాకా ఇంకో మాట లేదు. ఏమిటది, ఎవరిది అని ముందు చెప్పేవారు కాదు. విన్నాక నేనేదైనా అడిగితే చెప్పేవారు. అడక్కపోతే మళ్లీ మొదటినుంచి పెట్టేవారు.

మహారాజు ప్రస్తావన వస్తే ఆయన గొంతు మారేది. జయచామరాజేంద్ర వడయార్ అని పేరు పెట్టి అనడం నేనెప్పుడూ వినలేదు. 'మహాస్వామి' అనేవారు. ఆయన పోయిన రోజు నాకు గుర్తుంది. 1974 సెప్టెంబర్. కొట్లన్నీ మూసేశారు. మేష్ట్రుగారు తెల్ల పంచె, నల్ల కోటు వేసుకుని ప్యాలెస్ వైపు నడిచి వెళ్లారు. అంత ఎండలో ఆ కోటెందుకని అమ్మ అంది. అది కొలువులో వేసుకున్న కోటని నాన్న చెప్పారు.

మహాస్వామి పియానో గురించి మేష్ట్రుగారు చెప్పినవి, తర్వాత నేను చదివినవి ఇప్పుడు విడదీయడం కష్టం. ఆయనకి కచేరీ పియానిస్టు కావాలని ఉండేదట. 1940లో తండ్రి పోయారు, కొన్ని నెలలకే రాజ్యమేలుతున్న పెదనాన్న పోయారు. 21 ఏళ్లకే సింహాసనం ఎక్కాల్సి వచ్చింది. పియానో ఇంట్లో మిగిలింది. లండన్‌లో మెట్నర్ అనే రష్యన్ స్వరకర్త ముసలితనంలో, అనారోగ్యంతో, పట్టించుకునేవాళ్లు లేక ఉంటే, ఆయన సంగీతాన్ని రికార్డు చేయించడానికి డబ్బిచ్చింది మైసూరు మహారాజే. మెట్నర్ తన మూడో పియానో కాన్చెర్టోని, అంటే పియానోకీ ఆర్కెస్ట్రాకీ కలిపి రాసిన పెద్ద రచనని, ఆయనకే అంకితమిచ్చారు. లండన్‌లో ఫిల్‌హార్మోనియా ఆర్కెస్ట్రా పెట్టిన వాల్టర్ లెగ్ మైసూరు వచ్చి కొన్ని వారాలు అతిథిగా ఉండి వెళ్లారు. ఆ ఆర్కెస్ట్రా నిలదొక్కుకోవడానికి మూడేళ్లపాటు ఏడాదికి 10,000 పౌండ్లు ఇస్తానని మహారాజు ఒప్పుకున్నారు. 1948లో ఫిల్‌హార్మోనియా కాన్సర్ట్ సొసైటీకి మొదటి అధ్యక్షుడు కూడా ఆయనే. మరోపక్క వీణ నేర్చుకున్నారు, 'శ్రీవిద్య' ముద్రతో 94 కృతులు రాశారు. ఒకే మనిషిలో ఇవి రెండూ ఎలా ఇమిడాయో అని ఇప్పుడు చాలామంది ఆశ్చర్యపోతారు. మేష్ట్రుగారికి అందులో ఆశ్చర్యమేమీ కనపడేది కాదు. పొద్దున ఒక గదిలో వీణ, సాయంత్రం ఇంకో గదిలో పియానో వింటూ ఆయన పని చేశారు.

*

నేను కాలేజీలో చేరిన రోజుల్లో మేష్ట్రుగారి మేనల్లుడు లండన్ నుంచి ఒక క్యాసెట్ పంపారు. దాంతోపాటు ఉత్తరం. ఆ ఉత్తరం నా చేతికిచ్చి చదవమన్నారు. అప్పటికే ఆయన చదివారు, అయినా నా నోటితో వినాలనుకున్నారు.

1950 మే 22న లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో ఒక కచేరీ జరిగింది. జర్మన్ స్వరకర్త రిచర్డ్ స్ట్రౌస్ చివరి రోజుల్లో సోప్రానో గొంతుకీ (ఆడవాళ్ల గొంతుల్లో అన్నిటికన్నా పై స్థాయిది), పూర్తి ఆర్కెస్ట్రాకీ రాసిన నాలుగు పాటల్ని ఆ రోజే లోకం మొదటిసారి వింది. పాడింది నార్వే గాయని కిర్‌స్టెన్ ఫ్లాగ్‌స్టాడ్. ఆర్కెస్ట్రా ఫిల్‌హార్మోనియా, నడిపించింది జర్మన్ కండక్టర్ విల్‌హెల్మ్ ఫుర్ట్‌వెంగ్లర్. ఆ కచేరీ జరగడానికి 4,800 డాలర్ల గ్యారంటీ ఇచ్చింది మైసూరు మహారాజు. ఆయన లండన్ వెళ్లలేకపోయారు. ఆ పాటల్ని రికార్డు చేసి మైసూరు పంపాలని ఏర్పాటు. అప్పటికే ఆయన దగ్గర 20,000 దాకా రికార్డులుండేవని అంచనా. ఆ సాయంత్రం అసిటేట్ డిస్కుల మీద, అంటే మెత్తటి పూత ఉన్న రికార్డుల మీద, నిలిచిందంటే కారణం అది.

మేష్ట్రుగారు చాలాసేపు మాట్లాడలేదు. 1950లో ఆయన కొలువులోనే ఉన్నారు. రోజూ ఆ గేటులోంచి వెళ్లి వచ్చేవారు. ఇలాంటిదొకటి మహాస్వామి చేయించారని ఆయన చెవిన పడనేలేదు. ముప్పై ఏళ్ల తర్వాత లండన్ నుంచి తెలిసింది. "నేనక్కడే ఉన్నాను మగూ" అన్నారు. లేచి కిటికీ మూశారు.

ఆ క్యాసెట్ శబ్దం ఘోరంగా ఉంది. మొదట వచ్చిన ఎల్పీయే బాగా అరిగిన డిస్కుల నుంచి తీసింది, దాన్ని ఎవరో క్యాసెట్‌లోకి ఎక్కించారు. హోరు, చిటపటలు, ఆ వెనక ఎక్కడో ఆర్కెస్ట్రా. చెల్లోలు, బాసులు (వయొలిన్ జాతి పెద్ద వాద్యాలు) కింది స్థాయిలో కదులుతున్నాయని మాత్రం తెలిసింది. ఇంతలో ఆవిడ గొంతు వచ్చింది. అంత హోరులోంచీ ఏమాత్రం తడబడకుండా, నిండుగా, తొందర లేకుండా వచ్చింది. మా మర్ఫీలో తేలే పాట కోసం ఊపిరి బిగబట్టి కూర్చున్న అలవాటు నాకు ఆ మధ్యాహ్నం పనికొచ్చింది.

మొదట వినిపించింది 'నిద్రకు ఒరిగేవేళ'. ఇప్పుడు మామూలుగా 'వసంతం'తో మొదలుపెట్టి, తర్వాత 'సెప్టెంబర్', ఆపైన నిద్ర పాట, చివర 'సంధ్య వెలుగులో' పాడతారు. ఆ రోజు వసంతాన్ని మూడోదిగా పాడారు. నేను మొదట విన్నది ఆ వరసలో కాబట్టి, నాకు ఇప్పటికీ అదే సరైన వరస అనిపిస్తుంది. రోజంతా అలిసిన మనిషి నక్షత్రాల రాత్రిని ఆశ్రయిస్తాడు. చేతుల్ని పని మానమంటాడు, నుదుటిని ఆలోచన మర్చిపొమ్మంటాడు. అక్కడ గొంతు ఆగుతుంది. ఒంటి వయొలిన్ మొదలవుతుంది. కాసేపు అది ఒక్కతే పాడుకుంటూ పైకి వెళ్తుంది. గొంతు మళ్లీ వచ్చి అదే బాణీ అందుకుంటుంది, ఈసారి కట్లు తెంపుకుని రాత్రిలోకి ఎగిరే ఆత్మ గురించి.

వయొలిన్ మొదలవగానే మేష్ట్రుగారి ఎడమచేతి వేళ్లు మోకాలి మీద కదలడం మొదలుపెట్టాయి. ఆ పాట ఆయన ఎన్నడూ వాయించలేదు, అంతకుముందు వినలేదు కూడా. అయినా స్వరం ఎటు పోతుందో వేళ్లకి ముందే తెలిసినట్టు కదిలాయి. చిటికెన వేలు పైకి సాగినప్పుడు నరం పొంగి కనపడింది. నేను పాట వింటున్నానో ఆ వేళ్లని చూస్తున్నానో నాకే తెలియలేదు.

*

ఆ పాటల వెనక సంగతులు నాకు ముక్కలు ముక్కలుగా, ఏళ్ల తరబడి తెలిశాయి.

స్ట్రౌస్ వాటిని 1948లో స్విట్జర్లాండ్‌లో, మోంట్రోలోనూ పొంట్రెసీనాలోనూ రాశారు. అప్పుడాయనకి 84 ఏళ్లు. మూడు పాటలకి కవిత్వం జర్మన్ రచయిత హెర్మన్ హెస్సేది, నాలుగోది అంతకు వందేళ్ల ముందటి జర్మన్ కవి ఐహెన్‌డార్ఫ్‌ది. వీటిని ఒక గుత్తిగా చేసి 'నాలుగు చివరి పాటలు' అని పేరు పెట్టింది స్ట్రౌస్ కాదు, ఆయన పోయాక ప్రచురణకర్త ఎర్న్‌స్ట్ రోత్. ఫ్లాగ్‌స్టాడ్ పాడాలని, మంచి కండక్టర్, మంచి ఆర్కెస్ట్రా ఉండాలని స్ట్రౌసే ఆవిడకి ఉత్తరం రాశారు. ఆ కచేరీ చూడకుండానే 1949 సెప్టెంబర్ 8న కన్నుమూశారు.

ఆయన భార్య పౌలీనా గాయని. 1894లో పెళ్లి రోజు ఆయన ఆమెకిచ్చిన కానుక నాలుగు పాటలు. బతికినన్నాళ్లూ ఆయన రాసిన పాటల్లో ఆమె గొంతు ఉంటుందంటారు. ఆయన పోయాక ఆమె ఎనిమిది నెలలే ఉంది. 1950 మే 13న పోయింది. అంటే లండన్ కచేరీకి సరిగ్గా తొమ్మిది రోజుల ముందు. నాలుగో పాటలో ఇద్దరు ముసలివాళ్లు కష్టంలో సుఖంలో చేయి చేయి పట్టుకుని నడిచి వచ్చి, సాయంత్రం ఒకచోట ఆగుతారు. చుట్టూ లోయలు చీకటి పడుతుంటాయి. రెండు భరతపక్షులు పైకి ఎగురుతాయి. వేణువులు వాటిలా పలుకుతాయి. ఇది మరణమేనా అని గొంతు అడుగుతుంది. జవాబుగా ఆర్కెస్ట్రాలో స్ట్రౌస్ 25 ఏళ్ల వయసులో రాసిన 'మరణం, రూపాంతరం' లోని బాణీ వస్తుంది. అరవై ఏళ్ల నాటి తన స్వరాన్ని ఆయన అక్కడ పెట్టారు. పౌలీనా సంగతి తెలిశాక ఆ చోటు దాటి మామూలుగా వినడం నావల్ల కాలేదు.

హెస్సే గురించి ఒక మాట. ఆయన తల్లి పుట్టింది కేరళలో తలశ్శేరిలో. తాత హెర్మన్ గుండర్ట్ మలయాళ నిఘంటువు చేసిన పండితుడు. మలబారు వెళ్లకముందు ఆయన కొంతకాలం మన చిత్తూరులో ఉన్నారు. ఒక జర్మన్ పాట వెనక చిత్తూరు, తలశ్శేరి, దాన్ని నిలబెట్టడం వెనక మైసూరు ఉన్నాయని తెలిసిన రోజు నాన్నకి ఫోన్ చేసి చెప్పాను. ఆయన చిత్తూరు దగ్గర ఆగి, అక్కడ తన చిన్నాన్న చదివిన స్కూలు సంగతి ఎత్తుకున్నారు. ఇక ఆ రోజు స్ట్రౌస్ దగ్గరికి రాలేకపోయాం.

కష్టమైన సంగతి కూడా చెప్పాలి. స్ట్రౌస్ హిట్లర్ ప్రభుత్వంలో రెండేళ్లు సంగీత మండలికి అధ్యక్షుడు. ఫుర్ట్‌వెంగ్లర్ యుద్ధకాలంలో జర్మనీలోనే ఉండి కచేరీలు చేశారు, తర్వాత విచారణ ఎదుర్కొన్నారు. ఫ్లాగ్‌స్టాడ్ యుద్ధం మధ్యలో జర్మన్ల కింద ఉన్న నార్వేకి, భర్త దగ్గరికి వెళ్లిపోయింది. శత్రువులతో చేతులు కలిపారన్న కేసులో భర్త నిర్బంధంలోనే పోయారు. అమెరికాలో ఆవిడ కచేరీల ముందు నిరసనలు జరిగాయి. ఇవన్నీ పక్కనపెట్టి పాట వినండి అని నేననను. నేను వీటితో కలిపే వింటాను. యుద్ధం ముగిసి ఐదేళ్లే అయింది. బాంబులు పడిన లండన్‌లో జనం జర్మన్ భాషలో అలసట గురించి, ముగింపు గురించి వింటున్నారు. వేదిక మీదివాళ్లు ఎవరూ మచ్చ లేకుండా వచ్చినవాళ్లు కారు. ఆ బరువు ఆ పాడటంలో ఉందని నా నమ్మకం. అందంగా, తేలిగ్గా పాడినవాళ్లు తర్వాత చాలామంది వచ్చారు. ఇంత బరువు మోస్తూ పాడినవాళ్లు తక్కువ.

*

మేష్ట్రుగారు పోయాక ఆ ఇల్లు అమ్మేశారు. రికార్డులు ఎవరెవరికో వెళ్లాయి. క్యాసెట్ నాకిచ్చి వెళ్లారు. పెళ్లయి హైదరాబాద్ వచ్చాక చాలాకాలం అదే విన్నాను. టేపు సాగిపోయి, ఆవిడ గొంతు ఒక్కోచోట కుంగేది. ఒకసారి ప్లేయర్ టేపుని నమిలేస్తే పెన్సిల్‌తో తిప్పి, నలిగిన చోట గోటితో సాపు చేసి మళ్లీ పెట్టాను. అక్కడ 'సెప్టెంబర్' చివర హార్న్ అనే ఇత్తడి ఊదుడు వాద్యం రావాలి. నా టేపులో అక్కడ చిన్న వణుకు ఉండిపోయింది.

2007లో టెస్టమెంట్ అనే రికార్డుల కంపెనీ ఆ డిస్కుల్ని శుభ్రం చేసి సీడీగా తెచ్చింది. అది విన్నప్పుడు నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. హార్న్ మొత్తం వినిపించింది. తోటలో చల్లటి వాన పడుతుంటే వేసవి కళ్లు మూసుకున్నాక, ఆ హార్న్ ఒక్కటే మిగులుతుంది. స్ట్రౌస్ తండ్రి హార్న్ వాయించేవారు. చిన్నప్పటి ఇంటి శబ్దం అది. ఇన్నేళ్లూ నేను దాన్ని సగమే విన్నాను.

పాత రికార్డుల గరగరలోనే ఏదో మజా ఉందని అంటుంటారు. నాకు ఆ గరగర మీద మమకారం లేదు. మేష్ట్రుగారు అంత జాగ్రత్తగా గుడ్డతో తుడిచింది ఆ గరగర పోవాలనే. అసిటేట్ డిస్కు అంటే అల్యూమినియం పళ్లెం మీద లక్కలాంటి మెత్తటి పూత. సూది పెట్టిన ప్రతిసారీ కొంత తినేస్తుంది. వింటే అరుగుతుంది, దాచుకుంటే వినలేం. అవి అంతగా అరిగాయంటే ఎవరో వాటిని ఇష్టంగా, మళ్లీ మళ్లీ విన్నారనే నేను అనుకుంటాను. అరిగినంత అరిగాక కూడా ఆ గాడిలో ఇంత మిగిలి ఉంది చూడండి, దాన్ని బయటికి తీసినవాళ్లకి నేను దండం పెడతాను.

అమ్మ చివరి రోజుల్లో మా దగ్గరే ఉండేది. ఒక మధ్యాహ్నం సంధ్య పాట నడుస్తుంటే వచ్చి కూర్చుంది. జర్మన్ ముక్క రాదు. అయ్యేదాకా విని, "ఎవరమ్మాయీ ఈవిడ? ఎక్కడా శ్రుతి జారలేదు" అంది. అప్పటికి ఫ్లాగ్‌స్టాడ్‌కి దాదాపు 55 ఏళ్లని చెప్పాను. "అయితే మరీ గొప్ప" అంది. మైసూరు మహారాజు చేయించిన రికార్డని చెబితే నమ్మలేదు. సీడీ అట్ట చేతికిచ్చి చూపించాల్సి వచ్చింది.

వినాలనుకునేవాళ్లకి చిన్న సలహా. మొదట నాలుగో పాట ఒక్కటే వినండి. మొదలయ్యాక గొంతు రావడానికి కొంచెం టైం పడుతుంది, దాటవేయకండి. పాటల అర్థం ముందే చదివి పెట్టుకుంటే మంచిది. హోరు ఇంకా కొంత ఉంటుంది, ఆ పాట సగానికి వచ్చేసరికి చెవి దాన్ని వదిలేస్తుంది. ఇది కుదరకపోతే గాయని ఎలిజబెత్ ష్వార్జ్‌కాఫ్ 1953లో స్టూడియోలో పాడింది ఉంది, అదీ ఫిల్‌హార్మోనియాతోనే. అది విని, పాటలు పరిచయమయ్యాక, 1950 మే 22 దగ్గరికి రండి.